పెదవులు కలవని భాష

ఆ ఉద్యోగి చచ్చిపోవడం గదిలో ఉన్నవాళ్ళంతా తెర మీద చూశారు. రైల్వే ప్లాట్‌ఫారం, మధ్యాహ్నపు రద్దీ, సిమెంటు బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు. ఒకాయన పేపరు చదువుతున్నాడు, ఇంకొకాయన బూటు లేసు కట్టుకుంటున్నాడు. వాళ్ళ వెనకాల నీడలా నిలబడ్డ గూఢచార డిపార్ట్‌మెంటు మనిషి ఉన్నట్టుండి మెడ మీద చెయ్యి వేసుకున్నాడు, దోమ కుట్టిందేమో అన్నట్టు. అంతే. గోడకి జారగిలబడి కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. బెంచీ మీది పెద్దమనుషులు పేపరు మడిచి, లేసు బిగించి, ఎవరి దారిన వాళ్ళు పోయారు.

పెద్దాయన తెర ఆపాడు. డిపార్ట్‌మెంటులో చీఫ్‌ని అందరూ పెద్దాయన అనే అంటారు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో.

"చంపే ముందు వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారా లేదా? అది చెప్పక్కా."

అడిగింది చూపులక్కని. ఆవిడకి చిన్నప్పుడే జ్వరమొచ్చి చెవులు పోయాయి. కానీ వీధి అవతల మేడ మీద ఎవరైనా గొణుక్కున్నా సరే, పెదవులు చూసి మాటకి మాట అప్పజెప్పేస్తుంది. తనకి వినపడని గొంతు ఎలా ఉంటుందోనని సిగ్గు. తనవాళ్ళ దగ్గర తప్ప నోరు విప్పదు.

"మాట్లాడుకున్నారు సార్. గొంతుముడి కదిలింది, దవడ కదిలింది. పెదవి మాత్రం పెదవికి తగల్లేదు, ఒక్కసారి కూడా. పెదవులు కలపకుండా మన మాట ఒక్క నిమిషం మాట్లాడి చూడండి, తెలుస్తుంది మీకు."

గదిలో ఉన్నవాళ్ళందరూ లోలోపల ప్రయత్నించి చూసుకున్నారు. అందరూ అమ్మ దగ్గరే ఆగిపోయారు.

"అదేం భాషో కనుక్కున్నాం" అన్నాడు పెద్దాయన. "ఎవరికీ పుట్టుకతో వచ్చింది కాదు. ఒక మనిషి కూర్చుని కట్టిన భాష. రిటైరైన పళ్ళ డాక్టరు. ప్రతి మంగళవారం సాయంత్రం ఇంట్లో ఉచితంగా నేర్పుతాడు. ఆ బెంచీ మీది ముఠావాళ్ళకి ఆ భాష అక్కణ్ణుంచే వచ్చింది. మన నిఘా అంతా చూపులక్క మీద నడుస్తోందని వాళ్ళకి తెలిసిపోయింది. ఈ కబురు తెచ్చింది ముత్యం."

తలుపు పక్కన కుర్చీలో కూర్చున్న ఆవిడ చిన్నగా నవ్వింది. మెడలో ముత్యాల దండ, చేతిలో ఎప్పుడూ తెరవని గొడుగు. చూసినవాళ్ళు రెండోసారి చూడకుండా ఉండలేరు, మూడోసారి చూడటానికి మొహమాటపడతారు. ఆ ముఠాలో చేరి, వాళ్ళ మనిషిలా తిరుగుతూ, డిపార్ట్‌మెంటుకి సమాచారం అందించే డబుల్ ఏజెంట్ ఆవిడ. ముఠా ఆవిణ్ణి ఆ క్లాసుకే పంపింది, నేర్చుకొచ్చి తక్కినవాళ్ళకి నేర్పమని.

"వచ్చే నెల పొరుగు దేశపు రాయబారి శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టడానికి వస్తున్నాడు" అన్నాడు పెద్దాయన. "మన హాల్లో ఆయన ప్రాణం పోతే యుద్ధమే. ముత్యం వాళ్ళ మాటలు టేపు చేసి తెస్తుంది, అర్థం చెబుతుంది. కానీ ఒక్కరి చెవిని నమ్మి నేను దేశాన్ని నిలబెట్టలేను. ఒరే చిలకా, నువ్వు వెళ్ళి ఆ భాష నేర్చుకో."

చిలక అంటే ఏజెంటు. ఏ యాసైనా వారంలో పట్టేస్తాడని ఆ పేరు పెట్టారు.

"డాక్టరు కూడా ముఠా మనిషేనా సార్?"

"కాకపోయినా కత్తి ఆయన కొలిమిలోదే కదా. పని పూర్తయ్యాక ఆయన్నీ, భార్యనీ లోపల వేస్తాం. భాషకి సీలు వేస్తాం."

అప్పటికి చిలకకి ఆ మాట పెద్దగా పట్టలేదు. మిషన్ మొదట్లో ఎవరికీ ఏదీ పట్టదు.

*

పళ్ళ డాక్టరు క్లినిక్కు మూసేశాడు గానీ క్లినిక్కులోనే కాపురం. ముందుగదిలో రోగులు కూర్చునే పెద్ద కుర్చీ అలాగే ఉంది. అందులో డాక్టరమ్మ కూర్చుంటుంది. వీపు వెనక్కి వాల్చుకోవడానికి, తల నిలబెట్టుకోవడానికి ఆవిడకి అంతకన్నా అనువైన కుర్చీ ఇంట్లో లేదు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మూతి పడిపోయాయి. అంతకు ముందు ఆవిడ స్టేషన్‌లో బండ్ల రాకపోకలు మైకులో చెప్పేది. ఆ ఊళ్ళో రైలెక్కిన ప్రతివాళ్ళూ ఆవిడ గొంతు విన్నవాళ్ళే. పెదవులు కలవకపోయేసరికి ప, బ, మ, వ అన్నీ పోయాయి. ఉ, ఒ కూడా పోయాయి. మిగిలినవాటితో మాట్లాడబోతే అవతలివాళ్ళకి అర్థంకాక, "ఆఁ? ఏంటమ్మా?" అని మళ్ళీ మళ్ళీ అడిగేసరికి ఆవిడ మాట్లాడటమే మానేసింది. అదిగో, అప్పుడు కూర్చున్నాడాయన. పోయిన హల్లుల్ని వదిలేసి, భార్య నోట్లో ఉన్న హల్లులతోనే ఒక భాష కట్టాడు. ఇద్దరే మాట్లాడుకుంటే అది భాషెలా అవుతుంది, ఆవిడకి ఊసులాడుకోను నలుగురు ఉండాలని క్లాసు పెట్టాడు. నలుగురు వస్తారనుకుంటే వచ్చింది ఎదురింటి టైలరు. ఆ తర్వాత ముత్యాలావిడ. ఆవిడ వస్తోందని టైలరు ఒక్క మంగళవారం కూడా మానలేదు.

"రా బాబూ, కూర్చో. ఎవరి కోసం నేర్చుకుంటున్నావు?" అని అడిగాడు డాక్టరు.

"మా అమ్మ కోసం డాక్టరుగారూ. ఆవిడకి కూడా పోయినేడు ఇలాగే..." అని చిలక మూతి ఒక పక్కకి లాగి చూపించాడు.

ఇది డిపార్ట్‌మెంటువాళ్ళు కూర్చుని అల్లిన అబద్ధం. అల్లినప్పుడు బాగానే ఉంది. కానీ కుర్చీలోంచి డాక్టరమ్మ ఎడంచెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

"ఇంకా డాక్టరుగారేమిటి?" అన్నాడు డాక్టరు. "అమ్మ కోసం వచ్చినవాడివి. బాబాయ్ అను. ఆవిడ నీకు పిన్ని. ఏదీ, నోరు తెరు."

చిలక తల వెనక్కి తీసుకున్నాడు. వెనక దవడలో డిపార్ట్‌మెంటువాళ్ళు పెట్టిన పన్ను ఉంది, దాంట్లో మైకు ఉంది. "నాకేం నొప్పి లేదు బాబాయ్."

"నొప్పుంటేనే తెరుస్తారా? అక్షరాలు నేర్పాలంటే ముందు నోరు చూడాలి." లైటు దించి చూశాడు. మొహం చిట్లించాడు. "ఎవడు కట్టాడయ్యా ఈ పన్ను? పన్నంటే పన్నులా ఉండాలి. ఇదేమిటి, చొక్కా గుండీలా! తాపీమేస్త్రీ చేత కట్టించుకున్నావా?"

ఆ మాటలు ఆ పన్నులోంచే హెడ్‌క్వార్టర్స్‌కి చేరాయి. దాన్ని తయారుచేసిన ఇంజినీరు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట.

గోడ మీద ఆ భాష గుర్తులున్నాయి. ఒక్కో హల్లుకి ఒక్కో బొమ్మ, పక్కనుంచి చూసిన నోరు. వంపు గీత నాలుక, పైన పొట్టి గీత పన్ను, దాని వెనక మెట్టులా ఉన్నది అంగిలి. నాలుక తగిలే చోట చుక్క. గ, ద లాంటివాటికి అడుగున చిన్న అల, గొంతు వణకాలని.

"మన అక్షరాలుండగా ఈ బొమ్మలెందుకు బాబాయ్? నేను మన లిపిలోనే రాసుకుంటాను, తేలిక."

"వద్దు. మన అక్షరం చూస్తే మన అలవాటు వస్తుంది. బొమ్మ చూస్తే నోరేం చెయ్యాలో తెలుస్తుంది. చాప అను."

"చాప."

"చిలక అను."

ఏజెంటుకి చెమట పట్టింది. తన సంగతి తెలిసిపోయిందనుకున్నాడు. ముత్యాలావిడ కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకుంటోంది.

"చి... చిలక."

"ఎందుకయ్యా అంత భయం, పిట్టే కదా. నాలుక ఎక్కడ తగిలింది? చాపకి పళ్ళ వెనక. చిలకకి కాస్త లోపల, అంగిలికి. అవునా? నోట్లో రెండు హల్లులు, రాసేది ఒక్క అక్షరం. పాత వాచకాల్లో పళ్ళ చ నెత్తిన చిన్న గుర్తయినా పెట్టేవారు, తర్వాత అదీ తీసేశారు. ఉన్నవాళ్ళకి లెక్క ఉండదు. మీ పిన్నికి అన్ని హల్లులు పోయాక ఉన్నదాన్ని ఒక్కదాన్నీ వదులుకోను. రెండు చ లకి రెండు గుర్తులు, వేరే వేరే మాటలు."

చిలక తలూపాడు. బుద్ధిగా బొమ్మలు దిద్దాడు. ఇంటికెళ్ళాక మాత్రం అన్నీ మన అక్షరాల్లోనే రాసుకున్నాడు. చేతికి అలవాటైన పని చెయ్యి మానుకుంటుందా!

*

చిలక జీవితంలో ఎన్నో అబద్ధాలు ఆడాడు. తుపాకీ ముందు నిలబడి కూడా తొణకలేదు. కానీ ప్రతి మంగళవారం గుమ్మం ఎక్కగానే డాక్టరమ్మ అడిగే ఒక్క ప్రశ్నకి నోరు ఎండిపోయేది. ఆ భాషలో అమ్మని 'ఇనా' అంటారు. మ లేకుండా అమ్మని పిలవాలి కదా మరి.

"ఇనా ఎలా ఉంది?" అని అడిగేది.

మొదటి వారం, "అలాగే ఉంది పిన్నీ" అన్నాడు. రెండో వారం ఆవిడ మొహం చూడలేక, "త పలుకుతోంది" అనేశాడు. ఆవిడ ఎడంచేత్తో కుర్చీ చేతిని టపటపా కొట్టి, భర్తని పిలిచి చెప్పింది. ఆ తర్వాత ఇంక ఆగడం ఎలా? లేని జబ్బు మనిషికి వారం వారం హల్లులు తెప్పించాడు. న వచ్చింది, క వచ్చింది. క వచ్చిన రోజు డాక్టరు అతనికి స్వయంగా టీ కలిపిచ్చి, "మీ అమ్మ గట్టిది రా" అన్నాడు. చిలక ఆ టీ తల ఎత్తకుండా తాగేశాడు. మరుసటి వారం డాక్టరమ్మ చిలక వాళ్ళమ్మ కోసమని ఒక వాక్యం తయారుచేసి పెట్టింది. కష్టమైన హల్లు ఒక్కటీ రాకుండా ఏరి ఏరి కూర్చింది. దాని అర్థం: 'నీతో నేనున్నా, నిదానంగా.' దాన్ని పదిసార్లు పలికించి గానీ అతన్ని కదలనివ్వలేదు.

ఆ రోజు బయటికొచ్చి చిలక వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు.

"ఏరా, బతికే ఉన్నావా?" అంది ఆవిడ. ఫోన్ లేకపోయినా వినపడే గొంతు.

"నువ్వు బాగానే ఉన్నావా అమ్మా?"

"నాకేం రోగం! రాయిలా ఉన్నాను. ఏం, నాకు జబ్బని చెప్పి ఎక్కడైనా సెలవు పెట్టావా?"

"అబ్బే, ఊరికే అడిగాను."

"నీ గొంతే చెబుతోంది వెధవా. ఎవర్ని ఏం మోసం చేశావో గానీ పోయి కాళ్ళు పట్టుకో" అని పెట్టేసింది. కన్నతల్లికి ఏ ట్రైనింగూ అక్కర్లేదు.

*

రాయబారి వచ్చే ముందురోజు ముత్యాలావిడ టేపు తెచ్చింది. ముఠా నాయకుడి గొంతు, ఆ భాషలో పొట్టి వాక్యం. అర్థం: 'రేపు వాడి ఆయువు చాలిలో ఉంది.'

"చాలి అంటే పువ్వు" అంది ముత్యాలావిడ. "బొకేలో ఏదో పెడుతున్నారు."

పెద్దాయన చిలక వైపు చూశాడు. చిలక హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. మళ్ళీ విన్నాడు. కాగితం మీద మన అక్షరాల్లో రాసుకున్నాడు: చాలి. తన నోట్సులో వెతికాడు: చాలి, పువ్వు. రెండూ ఒక్కటే. అక్షరం పొల్లుపోలేదు.

"పువ్వే సార్. ఖాయం."

"సరే. హాల్లో ఒక్క రేక కూడా ఉండటానికి వీల్లేదు" అన్నాడు పెద్దాయన. "రేపు సంతకాల టైముకే ఆ డాక్టరింటికి వ్యాను పంపుతున్నాను."

"నేను వెళ్తాను సార్."

"నువ్వు హాల్లో ఉండాల్సినవాడివి."

"నా పని అయిపోయింది కదా. ఎవరో కొత్త మొహాలు తలుపు బాదితే ఆవిడ భయపడుతుంది." హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, "నా మొహం చూస్తే భయపడదు" అన్నాడు. ఆ మాట అన్నాక తన మొహం తనకే ఎక్కడో పారేసుకోవాలనిపించింది.

*

మర్నాడు ఉదయం వ్యాను సందు చివర ఆపించి ఒక్కడే లోపలికి వెళ్ళాడు. మంగళవారం కాని రోజు అతన్ని చూసి డాక్టరు మొహం విప్పారింది.

"రారా! ఏమిటి, అమ్మకి ఇంకో హల్లు వచ్చిందా?"

చిలక గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. కళ్ళజోడు తీసేశాడు. వారం వారం నోట్లోకి చూసిన మనిషి ఇప్పుడు మొహంలోకి చూశాడు.

"మీ అమ్మ?"

"బాగానే ఉంది బాబాయ్. మొదట్నుంచీ బాగానే ఉంది."

డాక్టరు కార్డు తిరిగి అతని వైపు నెట్టాడు. తిట్టినా బాగుండేది. కుర్చీ దగ్గరికెళ్ళి భార్యకి వాళ్ళ భాషలో నిదానంగా చెప్పాడు. ఆవిడ విని, చిలకని చూసి, ఒకే ఒక్క మాట అడిగింది: "ఇనాకి జబ్బు లేదా?"

"లేదు పిన్నీ."

"హా" అంది. అది కోపమో, హమ్మయ్య అనుకోవడమో అతనికి తెలియలేదు. రెండోదేమోనన్న అనుమానమే ఎక్కువ కోసింది.

"గుర్తుల పటాలు, టేపులు అన్నీ తీసుకెళ్ళాలి" అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఇచ్చినట్టు ఇద్దరూ ఇక్కడ సంతకం పెట్టాలి."

డాక్టరు జేబులో చెయ్యి పెట్టబోయాడు. డాక్టరమ్మ వద్దంది. తన భాష, తనే ముందు పెడుతుంది. ఎడంచెయ్యి చాచి భర్తని అడిగింది.

"చాలి."

చిలక తల ఎత్తాడు. ఈవిడకి ఇప్పుడు పువ్వెందుకు?

డాక్టరు జేబులోంచి పెన్ను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"బాబాయ్! ఆవిడ అడిగింది ఏమిటి?"

"కనపడటం లేదా? పెన్ను."

"చాలి అంటే పువ్వు కదా?"

"పువ్వు అంగిలి చ. పెన్ను పళ్ళ చ. మొదటి రోజే నెత్తీనోరూ కొట్టుకున్నాను, మన లిపిలో రాయొద్దని." ఆయన గోడ మీది రెండు చ గుర్తుల్నీ వేలితో చూపించాడు. "రాసుకున్నావా? అదీ చేశావా?"

చిలక చేతి గడియారంలోకి ఎక్కించి తెచ్చుకున్న ముఠా నాయకుడి టేపు వినిపించబోయాడు. డాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "కొడుకులా వచ్చి మా ఇంటి గుట్టు మోసుకుపోయావు. ఇప్పుడు మళ్ళీ మా చేతే చెప్పించుకుంటావా? ఈ ఇంట్లో నీకు ఇంకేం మిగల్లేదు, పో."

"నన్ను ఏమైనా అనండి బాబాయ్. అక్కడ హాల్లో సంతకం పెట్టబోయే ముసలాయన ఈ నిమిషంలో చచ్చిపోబోతున్నాడు. నా తప్పు వల్ల."

డాక్టరమ్మ భర్త చేతిని పక్కకి నెట్టింది. గడియారాన్ని చెవి దగ్గరికి లాక్కుని వింది. మళ్ళీ వినలేదు, అవసరం లేకపోయింది. వేలెత్తి తన ముందరి పళ్ళు చూపించింది. తర్వాత ఇంకో మాట చెప్పింది: పెన్నుని ఏమంటారని ఆ ముత్యాల అమ్మాయే పోయిన నెల తనని విడిగా అడిగి నేర్చుకుందని.

అంటే ముత్యం అక్కడా ఇక్కడా కాదు, ఎప్పుడూ అక్కడే. ఆ టేపు తెచ్చింది మోసం చెయ్యడానికే. మన చెవికి రెండు చ లూ ఒకటేనని తెలిసి, సరిగ్గా ఆ సందులో అబద్ధం దాచింది. దానికి ముద్ర వేసింది చిలక.

*

హాల్లో ఫోన్లన్నీ గేటు దగ్గరే తీసేసుకున్నారు, చిలక పన్నులో మైకుని పని అయిపోయిందని ముందురోజే ఆపేశారు. వైర్‌లెస్‌లో చెబుదామంటే ఆ చానెల్ వింటున్న చెవుల్లో ముత్యాలావిడది ఒకటి. తెలిసిందంటే ఆ క్షణాన ఇంకేం చేస్తుందో. వ్యాను తానే తోలుకుంటూ, దారిలో ఒక కూరగాయల బండిని పడేసి, పక్కన కూర్చున్న వ్యాను డ్రైవరు చేత తిట్టించుకుంటూ చిలక హాలు చేరాడు. మెట్లన్నీ ఎక్కేసరికి పెద్ద అద్దాల తలుపులు మూసేశారు. సంతకాలు మొదలయ్యాక ఎవరొచ్చినా తెరవొద్దని ఆర్డరు. బయట ఉన్న గార్డు కార్డు చూసి, "మీరైనా అంతే సార్" అన్నాడు. అద్దం మీద బాదాడు. అది తుపాకీ గుండుకే చలించని అద్దం.

లోపల అంతా కనిపిస్తోంది. పువ్వన్నది లేని బోసి వేదిక. ముందు వరసలో పెద్దాయన, ఆయన పక్కన ముత్యాల దండ. బల్ల ముందు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న రాయబారి. వెండి పళ్ళెంలో నల్లటి పెన్ను.

వేదికకి ఎదురుగా పైన, అనువాదకుడు కూర్చునే గాజుగదిలో, దుర్భిణి పట్టుకుని చూపులక్క జనాన్ని జల్లెడ పడుతోంది. చిలక అద్దానికి దగ్గరగా నిలబడి రెండు చేతులూ ఊపాడు. దుర్భిణి అతని మీదికి తిరిగింది.

గొంతుతో పనిలేదు. పెదవులతోనే అన్నాడు, ఎంత సాగితే అంత సాగదీసి: "పెన్ను... ముట్టొద్దు... పెన్నులో... విషం..." ప, మ, వ. పిన్ని నోట్లోంచి రాలిపోయిన హల్లులన్నీ అతని పెదవుల మీద కలిసి విడిపోయాయి.

రాయబారి పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. మూత తియ్యబోయాడు.

పరాయివాళ్ళ ముందు నోరు విప్పని చూపులక్క, అనువాదకుణ్ణి కుర్చీతో సహా పక్కకి తోసి, అతని మైకులో నోరు పెట్టి అరిచింది. "పెన్నూ!"

రాయబారికి మన భాష రాదు. కానీ చెవిలో పడ్డ ఆ కేకకి ఏ మనిషికైనా చెయ్యి అదురుతుంది. పెన్ను జారి బల్ల మీద పడింది. మూతలోంచి సూది టక్కున లేచి ఒప్పందం కాగితంలో గుచ్చుకుంది. అక్కడ కాగితం చుట్టూ పసుపుపచ్చగా మరక పాకింది.

అందరూ కింద వంగుతుంటే ఒక్క ముత్యాలావిడే లేచి నిలబడింది. తలుపులు తెరుచుకోగానే అందరికంటే ముందు బయటికొచ్చి, ఎదురుగా చిలకని చూసి ఆగింది. మొహం మీద నవ్వు చెదరలేదు, పెదవి కదల్లేదు. పళ్ళ వెనకనుంచే అడిగింది, ఆ భాషలోనే:

"చివరికి తేడా నేర్చేసుకున్నట్టేనా?"

"నేనెక్కడ నేర్చుకున్నాను?" అన్నాడు చిలక, గొడుగు ఆవిడ చేతిలోంచి తీసుకుంటూ. గొడుగు పిడిలో ఉన్న రెండో సూది సంగతి తర్వాత బయటపడింది. "పిన్ని నీ గురించి చెప్పింది. అంత శ్రద్ధగా నేర్చుకున్నావని మురిసిపోయిందట."

ఆ మాటకి మాత్రం ఆవిడ నవ్వు వాడిపోయింది. ఆ ఇంటి గుమ్మం తొక్కినవాళ్ళకి ఎవరికైనా ఆ సిగ్గొకటి మిగిలిపోతుంది కాబోలు.

*

పెద్దాయన భుజం తట్టాడు. ప్రమోషన్ అన్నాడు. తర్వాత, "ఆ క్లాసు సంగతి చూడు, సీలు వెయ్యాలి" అన్నాడు.

"సీలు వేస్తే ఎలా సార్? ముఠావాళ్ళు ఇంకా బయట ఉన్నారు, ఆ భాషలోనే మాట్లాడతారు. వినడానికి మనకి చెవులేవీ? నా చెవి చూశారుగా."

"అయితే?"

"ఆవిడ ఒక్కతే సరిగ్గా వింటుంది. ఆ ఇంటిని శాశ్వత నిఘాలో పెట్టాలి. వారం వారం మనవాళ్ళు వెళ్ళి కూర్చోవాలి. డ్యూటీ కింద. ఎంతమందైతే అంత మంచిది."

పెద్దాయన అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆయన ఊరికే పెద్దాయన కాలేదు. ఏమీ అడగకుండా ఆర్డరు రాసిచ్చాడు.

మంగళవారం క్లినిక్కు ముందుగది నిండిపోయింది. బీమా ఏజెంటు ఒకడు, ఫోటోగ్రాఫరు ఒకడు, మీసం ఊడిపోతుంటే మాటిమాటికీ నొక్కుకునే పండితుడొకడు. అందరి వెనక పళ్ళలోనూ అదే మేస్త్రీ పనితనం. చూపులక్క డాక్టరమ్మకి ఎదురుగా కూర్చుంది. చూడటానికి పెదవుల కదలిక లేదు కాబట్టి ఆవిడ గొంతు మీద వేళ్ళు ఆనించి హల్లులు పట్టుకుంటోంది. డాక్టరమ్మకి గుక్క తిప్పుకునే తీరిక లేదు. మూతి పడిపోయాక అంతమందితో మాట్లాడటం ఆవిడకి అదే మొదలు.

డాక్టరు అందరికీ కుర్చీ చూపించాడు. చిలకకి చూపించలేదు. గుమ్మం పక్కన చెప్పుల దగ్గర ఉన్న స్టూలు చూపించాడు. టీ అతని దాకా రాలేదు.

క్లాసు అయ్యాక చిలక లేచి నిలబడ్డాడు. "బాబాయ్, మన భాషలో క్షమించమని ఎలా అడగాలి?"

"మన భాష కాదు. మా భాష. అందులో ఆ మాట లేదు. మా ఇద్దరికీ అవసరం పడలేదు."

"సారీ అంటే పోదా?" అన్నాడు టైలరు, సాయం చేద్దామని. "పెదవులు తగలవు కూడాను."

"అది అరిగిపోయిన మాట. పక్కవాడి కాలు తొక్కినా అదే అంటారు." డాక్టరు గుర్తుల పటం వైపు చెయ్యి చూపించాడు. "హల్లులన్నీ అక్కడున్నాయి. కావాలంటే నువ్వే చేసుకో. మీ పిన్ని ఒప్పుకోవాలి."

అప్పట్నుంచి చిలక స్టూలు మీద కూర్చుని మాటలు కడుతున్నాడు. ఈసారి మన అక్షరాల్లో కాదు, బొమ్మల్లోనే. ఒక మాట మరీ తేలిగ్గా ఉందని డాక్టరమ్మ తోసేసింది. ఒకటి పలికేటప్పుడు నవ్వుతున్నట్టు ఉందని తోసేసింది. ఇంకొకటి పలికి పలికి చూసి, బాగానే ఉంది గానీ అబద్ధంలా వినిపిస్తోందని తోసేసింది. తోసేసిన ప్రతిసారీ, మళ్ళీ వారం రమ్మని మాత్రం చెబుతుంది.

అతను పెద్దాయనకి పంపే రిపోర్టు ఏ వారమూ మారదు: కావలసిన మాట ఇంకా దొరకలేదు, నిఘా పొడిగించవలెను.